ఇరవై నాలుగుతో భాగిస్తే కారు రాదు

ప్లాస్టిక్ కిట్లు తెచ్చుకుని స్కేల్ మోడల్ కార్లు కట్టి, వాటికి రంగులు వేసుకునేవారిలో అన్నిటికంటే పెద్ద మెప్పుగా చెలామణి అయ్యే మాట ఒకటుంది: "అసలు కారును కొలిచి తగ్గించినట్టు ఉంది." అన్నిటికంటే పెద్ద తెగడ్త కూడా దాని వెనకే ఉంటుంది. ఎవరో ఒకరు వెర్నియర్ కాలిపర్ తీసి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం అర మిల్లీమీటరు తక్కువ వచ్చిందని తేల్చి, కిట్ మొత్తాన్నీ పనికిరానిదిగా తీసిపారేస్తారు. ఈ రెండు మాటలూ ఒకే నమ్మకం నుంచి పుట్టాయి. అసలు కారు కొలతలన్నిటినీ 24తో భాగిస్తే మంచి మోడల్ వచ్చేస్తుందన్నది ఆ నమ్మకం. ఈ పనిలో చాలాకాలంగా ఉన్న నాకు, రోజులు గడిచేకొద్దీ దాని మీద అనుమానం బలపడుతూ వచ్చింది. కారు మన కంటికి ఎలా కనిపిస్తుందో ఆ కనిపించడాన్ని ఒక చిన్న వస్తువు మీద తిరిగి సాధించడమే మోడల్ కట్టడమని, అందులో కొలబద్ద కంటే రంగు వేసే చేతికే ఎక్కువ బాధ్యత ఉంటుందని నా వాదన.

ముందుగా ఆ అంకెల సంగతే చూద్దాం. 1/24 అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు, అడుగుకు అర అంగుళం. అంగుళాలతో పనిచేసేవారికి లెక్క సులువుగా ఉండడం తప్ప దానిలో మరే విశేషమూ లేదు. 1/43 అన్న విచిత్రమైన స్కేలు బ్రిటన్‌లో 'ఓ గేజ్' బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. ఆ రైళ్లకు అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్క వాడేవారు; అడుగులోని 304.8 మిల్లీమీటర్లను 7తో భాగిస్తే 43.5 వస్తుంది. పట్టాల పక్కన రోడ్డు మీద నిలపడానికి చేసిన కార్లకు అదే స్కేలు అంటుకుని, రైళ్లతో సంబంధం తెగిపోయాక కూడా అలాగే ఉండిపోయింది. అమెరికా కిట్లలో 1/25 ఎక్కువగా కనిపించడానికి కారణం వేరు: 1948లో మొదలైన ఏఎంటీ వంటి కంపెనీలు కార్ల డీలర్ల కోసం ప్రచార నమూనాలను ఆ స్కేలులో తయారుచేసేవి, తర్వాత వచ్చిన విడిభాగాల కిట్లు కూడా అదే దారి పట్టాయి. యుద్ధ ట్యాంకుల మోడళ్లలో వేదవాక్కులా పాటించే 1/35 కథ ఇంకా తమాషాగా ఉంటుంది. జపాన్ కంపెనీ తమియా తన తొలి పాంథర్ ట్యాంకును లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత పరిమాణంలో చేసింది, ఆ పరిమాణం లెక్కిస్తే 1/35 అయింది. నాలుగున్నర మీటర్ల కారు 1/24లో 187.5 మిల్లీమీటర్లు, 1/25లో 180 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ ఏడున్నర మిల్లీమీటర్ల తేడా ఎవరికీ తెలియదు. బ్యాటరీల కోసం, రైళ్ల కోసం పుట్టిన అంకెలను పట్టుకుని అర మిల్లీమీటరు దగ్గర తగవుపడడం నాకు కొంచెం వింతగానే ఉంటుంది.

అంకె ఏదైనా, దానికి లొంగనివి మోడల్ మీద చాలానే ఉన్నాయి. వాటిలో మొదటిది రంగు మందం. కర్మాగారం నుంచి వచ్చే కారు మీద ప్రైమరు, రంగు, పైన వేసే పారదర్శకమైన క్లియర్ కోటు అన్నీ కలిపి సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటాయి, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. దాన్ని నిజంగా 24తో భాగిస్తే మోడల్ మీద రంగంతా 4 నుంచి 6 మైక్రాన్లలో ముగిసిపోవాలి. అంత పలుచని పొర కింద ప్లాస్టిక్ మరుగుపడదు, దాన్ని మెరుగు పెట్టడం అంతకన్నా సాధ్యం కాదు. ఎయిర్‌బ్రష్‌తో ఎంత నేర్పుగా కొట్టినా ప్రైమరుతో మొదలుపెట్టి క్లియర్ పూర్తయ్యేసరికి మందం 80, 100 మైక్రాన్ల దాకా చేరడం మామూలే. ఆ 100 మైక్రాన్లను తిరిగి 24తో గుణిస్తే 2.4 మిల్లీమీటర్లు వస్తాయి. అసలు కారుకు అంత మందాన రంగు పూస్తే బానెట్ అంచులు గుండ్రబడిపోతాయి, తలుపు సందులు పూడుకుపోతాయి, వెనక ఉన్న పేరు అక్షరాలు చదవడానికి రావు. కొలత విషయంలో ఎంతో పట్టుదల చూపించేవారి మోడళ్ల మీద కూడా జరిగేది ఇదే.

తలుపు సందునే తీసుకోండి. అసలు కారులో అది 4 మిల్లీమీటర్లు అనుకుంటే, మోడల్‌లో 170 మైక్రాన్లకు కాస్త తక్కువ ఉండాలి. సందుకు రెండు వైపులా ఉన్న గోడల మీద 80 మైక్రాన్ల చొప్పున రంగు చేరితే ఇక మిగిలేది శూన్యం. పైగా తడి రంగుకు తలతన్యత ఉంటుంది. అది గుంటలు కనిపించిన చోట చేరి నిలుస్తుంది, పదునైన అంచుల మీద నుంచి వెనక్కి తగ్గుతుంది. నిలువెత్తు కారు మీద ఈ ప్రభావం పెద్దగా లెక్కలోకి రాదు, అరచేతిలో ఇమిడే కారు మీద మాత్రం దానిదే రాజ్యం. అందుకే అనుభవం ఉన్నవారు రంగు జోలికి వెళ్లకముందే ప్రతి గీతనూ స్క్రైబర్‌తో నెమ్మదిగా గీరి, వెడల్పు పెరగకుండా లోతు మాత్రం పెంచుతారు. ఆ దశలో కాలిపర్ పెట్టి చూస్తే గీత లోతు అసలు కారు లెక్కకు అందదు. రంగు, క్లియర్, మెరుగు అన్నీ పూర్తయ్యాక ఆ లోతులో కాస్త నీడ మిగులుతుంది, కంటికి అదే తలుపు సందుగా తోస్తుంది. తప్పు కొలతతో మొదలుపెడితేనే సరైన ఫలితం వచ్చే ఇలాంటి పనులు ఈ విద్యలో అడుగడుగునా ఉన్నాయి.

బాడీ మీద పని చేసేటప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కారు బాడీని ఒకే ముక్కగా పోత పోయాలంటే అచ్చు నాలుగు పక్కలకూ విడిపోవాలి. ఆ అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది, అది సాధారణంగా మడ్‌గార్డుల వంపు శిఖరం మీదుగా, అద్దాల మధ్య ఉండే స్తంభాల మీదుగా పోతుంది. ప్లాస్టిక్ చిక్కుకోకుండా అచ్చు విడిపోవాలంటే వంపు శిఖరం దగ్గరే విడిపోవాలి. దీపం వెలుగు పడి మెరిసేది కూడా ఆ శిఖరమే. అందువల్ల కిట్‌లోని అతి చిన్న లోపం సరిగ్గా అందరి చూపూ పడే చోట ఉంటుంది. వేలు పెట్టి తడిమితే తగలనంత సన్నటి గీత అయినా, నిగనిగలాడే రంగు పడ్డాక దాని మీదుగా సాగే వెలుగు చార దగ్గర చిన్న తడబాటు కనిపిస్తుంది. లోపలి వైపు ప్లాస్టిక్ మందంగా ఉన్న చోట, చల్లారేటప్పుడు అది ఎక్కువగా కుంచించుకుని పైన సొట్ట మిగులుస్తుంది. అక్కడ లప్పం పెట్టి, నీళ్లలో తడిపిన ఎమరీ పేపరుతో చదును చేయాలి. ఈ లోపాలు ఏ కొలతలోనూ దొరకవు, ఎందుకంటే అవి మైక్రాన్లలో ఉంటాయి. యుద్ధ ట్యాంకులు కట్టే మిత్రులకు బురద, తుప్పు, గీతలు అండగా ఉంటాయి. కారు కట్టేవారికి అలాంటి చాటు లేదు, మెరిసే ఉపరితలం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

ఇక మెరుగు. ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చే రంగు తుంపరలు పడిన చోట పూర్తిగా పరుచుకోకముందే ఆరిపోతే పైన నారింజ తొక్కలాంటి గరుకు ఏర్పడుతుంది. అసలు కారు మీదా ఈ గరుకు కొద్దిగా ఉంటుంది, కానీ మోడల్ మీద అదే పరిమాణంలో ఉంటే ఇరవై నాలుగు రెట్లు పెద్దదై కనిపించినట్టే. క్లియర్ కోటు బాగా గట్టిపడేదాకా కొన్నాళ్లు వదిలేసి, 3000 నంబరు దాటిన మెత్తటి ఎమరీ పేపరును నీళ్లలో తడిపి, బరువు వేయకుండా బానెట్ మీద రాయడం మొదలుపెడతాను. కాసేపటికి తుడిచి దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే బానెట్ అంతా పాలిపోయినట్టు ఉండి, దాని మధ్య సూదిమొనలంతటి చుక్కలు తళుక్కుమంటూ ఉంటాయి. మెరిసే చోట్లు బాగున్నాయని అనుకోకూడదు. పేపరు ఇంకా అందని గుంటలవి. ఆ చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయి బానెట్ మొత్తం ఒకే తీరున మసకబారిన క్షణాన ఆపాలి, ఎందుకంటే ఆ తర్వాత ప్రతి రాపిడీ ఉన్న క్లియర్‌ను అనవసరంగా తినేస్తుంది. అంచుల దగ్గర తలతన్యత వల్ల రంగు ముందే పలుచగా ఉంటుంది కనుక వాటి మీద సన్నటి మాస్కింగ్ టేపు అంటించి కాపాడుకోవాలి. ఆ పైన ముతక పాలిషింగ్ పేస్టు, తర్వాత మెత్తనిది, ఆఖరున మరీ మెత్తనిది. ఈ దశలో పక్కన అసలు కారు ఫోటో ఉన్నా, కొలతల పట్టిక ఉన్నా ఉపయోగం లేదు. కిటికీ చట్రం ప్రతిబింబం బానెట్ మీద నిటారుగా నిలిచిందా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి.

రంగు ఎంపికలో కొలతవాదం ఇంకో రూపంలో ఎదురవుతుంది. అసలు కారు తయారీదారు ఇచ్చిన రంగు కోడ్ ప్రకారం కలిపిన రంగు వేస్తే తప్ప మోడల్ సరైనది కాదని కొందరి పట్టు. కానీ ఆ కారును మనం చూసి గుర్తుపెట్టుకున్నది ఆరుబయట ఎండలో. మంచి ఎండలో వెలుతురు సుమారు లక్ష లక్స్ ఉంటే, ఇంట్లో దీపాల కింద కొన్ని వందల లక్స్ మాత్రమే ఉంటుంది. వెలుతురు తగ్గితే రంగుల జీవం తగ్గుతుందన్నది దృష్టి శాస్త్రం ఒప్పుకున్న విషయం. అందుకే ఎండలో స్పష్టంగా ఆకుపచ్చగా కనిపించే బ్రిటిష్ పందెపు కార్ల ముదురాకుపచ్చ, అదే కోడ్‌తో కలిపి అలమారాలో పెడితే దాదాపు నల్లగా తోస్తుంది. ముదురు నీలానిదీ ఇదే కథ. విమానాల మోడళ్లు కట్టేవారు గాలిలోని మసకను కారణంగా చూపి రంగును కాస్త తేలిక చేస్తారు. ఆ కారణం కార్లకు వర్తించదు. 30 సెంటీమీటర్ల దూరాన పట్టుకున్న 1/24 మోడల్ అసలు కారును 7.2 మీటర్ల నుంచి చూసినదానితో సమానం, ఆ కాస్త దూరంలో గాలి ఏ రంగునూ మార్చదు. కార్ల విషయంలో రంగును తేలిక చేయవలసి వస్తే అది దీపం వల్లే. ముదురు రంగుల్లో ఆ పని నేను చేస్తాను, ఎర్రటి, పసుపు కార్ల జోలికి పోను. వాటికి కింద వేసే పొరే ముఖ్యం: బూడిద రంగు ప్రైమరు మీద పసుపు చచ్చిపోతుంది, తెల్లటి ప్రైమరు మీద బతుకుతుంది, ఎరుపు కింద లేత గులాబీ పొర ఉంటే వచ్చే నిండుదనం మరో విధంగా రాదు.

మెటాలిక్ రంగుల దగ్గర ఈ చర్చకు తీర్పు చాలా సులువు. అసలు కార్ల రంగులో కలిపే అల్యూమినియం రేణువుల వెడల్పు పదుల మైక్రాన్లలో ఉంటుంది. 50 మైక్రాన్ల రేణువు మోడల్ మీద పడితే 1.2 మిల్లీమీటర్ల రేకు ముక్కతో సమానం. అసలైన కారు రంగునే డబ్బాలోంచి తీసి మోడల్‌కు కొడితే అది కారులా కాకుండా తళుకులు అద్దిన అలంకార వస్తువులా కనిపించడానికి కారణం ఇదే. కోడ్ ప్రకారం అది నూటికి నూరుపాళ్లు సరైన రంగు. చూడగానే ఎవరైనా తప్పు అనే రంగు కూడా అదే. టైర్లకు నిండు నలుపు వేయకూడదు, బొగ్గు బూడిద రంగు వేస్తేనే రబ్బరులా ఉంటాయి. తెల్ల కారు తలుపు గీతల్లో నల్ల వాష్ (బాగా పలుచన చేసిన రంగు) పోస్తే పెన్సిల్ బొమ్మ అయిపోతుంది, లేత బూడిద రంగు చాలు. ఎర్ర కారుకు ముదురు గోధుమ ఎరుపు సరిపోతుంది.

క్రోమ్ విషయం కాస్త వివరంగా చెప్పుకోదగ్గది. కిట్లలో బంపర్లకు, గ్రిల్లుకు వాక్యూమ్ పద్ధతిలో అల్యూమినియం పూత వేసి ఇస్తారు. దాని కింద వేసే వార్నిష్ వల్ల చెక్కడాలు పూడిపోతాయి, మెరుపు అద్దాన్ని మించిపోతుంది, స్ప్రూ (భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) నుంచి కత్తిరించిన చోట తెల్లటి ప్లాస్టిక్ బయటపడుతుంది. నేను ఆ పూతను బ్లీచ్‌లో నానబెట్టి తీసేసి, నిగనిగలాడే నలుపు మీద క్రోమ్ రంగును చాలా పలుచగా కొడతాను. కిటికీల చుట్టూ ఉండే సన్నటి లోహపు పట్టీలకు మాత్రం రంగు కంటే అంటుకునే అల్యూమినియం రేకే మేలు. పట్టీ కంటే వెడల్పుగా ఒక ముక్క కోసి, పట్టకారుతో ఎత్తి, ముడతపడకుండా మధ్య నుంచి చివరలకు పరుస్తారు. దూది పుల్లతో రుద్దితే రేకు పట్టీ మీద కూర్చుంటుంది, టూత్‌పిక్ మొనతో గాడి వెంట నొక్కితే పట్టీ అంచు రేకు మీద సన్నటి గీతగా తేలుతుంది. అప్పుడు కొత్త బ్లేడును ఆ గీత మీద దాని బరువుతోనే జారనివ్వాలి. పదును తగ్గిన బ్లేడు రేకును కోయడానికి బదులు చింపుతుంది, బరువు వేస్తే కింద రంగు తెగుతుంది. అదనపు రేకును లాగేశాక మిగిలే పట్టీ కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉంటుంది. అసలు కారు మీద ఆ పట్టీ బాడీ నుంచి కొన్ని మిల్లీమీటర్లు పైకి ఉబికి ఉంటుందని ఎవరైనా గుర్తుచేయవచ్చు, అది నిజమే. కానీ పలుచని రేకు మీద విరిగే వెలుగు లోహపు వెలుగు కనుక, కన్ను ఆ మందాన్ని తనకు తానే ఊహించుకుంటుంది.

ఇంతకీ అసలు కారు అంటే ఏది? కొలతవాదులు జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది. 1962, 1964 మధ్య ఫెరారీ చేసిన 250 జీటీఓ బాడీలను స్కాలియెట్టి వర్క్‌షాపులో అల్యూమినియం రేకుతో చేత్తో కొట్టి తయారుచేశారు. ఒక కారుకూ మరో కారుకూ పోలికలో తేడాలుంటాయి. మోడల్ దేనికి సరిపోవాలి? 1970 లె మాన్ పందెంలో పోర్షేకు తొలి విజయం తెచ్చిన 23వ నంబరు 917 కారును తీసుకుంటే, హాన్స్ హెర్మాన్, రిచర్డ్ ఆట్‌వుడ్ నడిపిన ఆ కారు మొదలైనప్పుడు ఎర్రగా, తెల్లగా మెరుస్తూ ఉంది. వానలో సాగిన 24 గంటల పందెం ముగిసేసరికి మసి, నూనె, మురికి పట్టి ఉంది. రెండూ అసలైనవే. పాత కార్ల విషయంలో ఇంకో చిక్కుంది. 1924లో జనరల్ మోటార్స్ ఓక్లాండ్ కార్లతో మొదలై దశాబ్దాల పాటు వాడిన నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ మెరుపు వేరు, ఇప్పుడు పునరుద్ధరణ చేసేవారు వేసే యురేథేన్ క్లియర్ కోటు మెరుపు వేరు. మ్యూజియంలో ఉన్న కారును చూసి దానంత నిగనిగలాడేలా మోడల్ చేసేవారు, నిజానికి ఆ కారు పుట్టిన కాలంలో లేని మెరుపును ఎంతో శ్రమపడి సాధిస్తున్నారు.

తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. తమియా వారు 1976లో వచ్చిన 1/12 పోర్షే 934 కిట్ కోసం ఏకంగా ఒక పోర్షే 911 కొని, విడదీసి పరిశీలించారు. ఈ ఉదంతాన్ని కొలతల భక్తికి సాక్ష్యంగా చెబుతుంటారు. నాకు అందులో వేరే విషయం కనిపిస్తుంది: కొలతలు మాత్రమే కావలసివస్తే డ్రాయింగులు సరిపోయేవి, భాగాలు ఒకదానికొకటి ఎలా అమరతాయో, ఏది ఎంత బరువుగా కనిపిస్తుందో తెలుసుకోవడానికి వస్తువే చేతిలో ఉండాలి. ఈ రోజుల్లో లేజర్ స్కాన్‌తో కారు రూపాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి తీసుకుని నేరుగా తగ్గించే వీలుంది. అలా ప్రింట్ చేసిన భాగాలు అద్భుతంగా ఉంటాయి, నేనూ వాడతాను. అయినా ఆ బాడీ మీద 100 మైక్రాన్ల రంగు పడవలసిందే, సందు పూడవలసిందే. రెడీమేడ్ డైకాస్ట్ కార్లతో మనకు పోటీ లేదు. జింక్ మిశ్రమంతో పోసిన బాడీకి తలుపులు తెరుచుకునే ఏర్పాటు చేస్తే సందులు వెడల్పవక తప్పదు. తలుపు తెరుచుకోవడం పిల్లలకు ఆనందం, మూసి ఉన్నప్పుడు కారు రూపానికి నష్టం. నా మోడళ్ల తలుపులు తెరుచుకోవు.

కార్లను నిజంగా తయారుచేసేవారు సైతం చిన్న నమూనాను కేవలం భాగహారంగా చూడరు. జనరల్ మోటార్స్‌లో 1927లో డిజైన్ విభాగం మొదలుపెట్టిన హార్లీ ఎర్ల్ కాలం నుంచి మట్టి నమూనాలతో రూపాలు దిద్దడం ఆనవాయితీ అయింది. నాలుగో వంతు పరిమాణంలో ఎంత అందంగా ఉన్నా, డిజైనర్లు నిలువెత్తు మట్టి నమూనా చేసి చూడనిదే నిర్ణయం తీసుకోరు, ఎందుకంటే చిన్న నమూనాలో చక్కగా ఉన్న వంపు పెద్దదయ్యాక చప్పగా కనిపించవచ్చు. ఫార్ములా వన్ జట్లు గాలి సొరంగంలో 60 శాతానికి మించని నమూనాలనే వాడాలని నిబంధన ఉంది. నమూనా చిన్నదైతే గాలి అసలు కారు చుట్టూ ప్రవహించినట్టే ప్రవహించాలంటే వేగం ఆ నిష్పత్తిలో పెరగాలి. మనకు రంగు ఎలాగో వాళ్లకు గాలి అలాగ. అన్నిటికంటే గట్టి ఉదాహరణ మరొకటుంది. జనరల్ మోటార్స్ 1930 నుంచి 1968 దాకా ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరిట కుర్రవాళ్లకు పోటీలు నిర్వహించి విద్యావేతనాలు ఇచ్చింది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రపు బండి నమూనా చేయాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోటీదారులు తామే ఊహించిన కారును 1/12 స్కేలులో చేయడం ప్రధానమైంది. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ ఆ తర్వాత అదే సంస్థలో డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు. లోకంలో లేని కార్ల నమూనాలవి. కాలిపర్ పెట్టి పోల్చడానికి అసలు కారే లేనప్పుడు న్యాయనిర్ణేతలు దేన్ని చూసి ఉంటారు? రూపాన్ని, ఉపరితలాన్ని, రంగును, ఆ వస్తువు కారులా నిలబడిందా లేదా అన్నదాన్ని.

నిలబడడం అన్నాను కనుక, కొలబద్ద పక్షాన చెప్పవలసిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. కారు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, చక్రం మడ్‌గార్డు వంపులో ఎంత లోపలికి కూర్చుంది, ముందు అద్దం ఎంత వాలుగా ఉంది అన్న మూడు విషయాల్లో కొలత తప్పితే ఏ రంగూ ఆ మోడల్‌ను కాపాడలేదు. మోడల్‌లో ఒక మిల్లీమీటరు అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లు. అంత ఎత్తు పెరిగిన కారు చెడ్డ రోడ్లకు తయారైన జీపులా కాళ్ల మీద నిలబడుతుంది. చాలా కిట్లు ఈ విషయంలో దారుణంగా ఉంటాయి, ఇరుసును కిందికో పైకో జరిపి సరిచేసుకోవడం బిల్డర్ల వంతవుతుంది. అలాగే టైరు కింది భాగాన్ని ఎమరీ పేపరు మీద కొద్దిగా అరగదీస్తే కారుకు బరువున్నట్టు అనిపిస్తుంది, ఎందుకంటే గుండ్రటి టైరు నేలను ఒక గీత మీద మాత్రమే తాకితే కారు తేలుతున్నట్టుంటుంది. అసలు కారు బరువు మోడల్‌కు రాదు. టన్నున్నర కారును మూడు దిక్కులా 24తో భాగిస్తే మిగిలేది సుమారు 110 గ్రాములు, ఆ బరువు ఏ టైరునూ నొక్కలేదు. ఆ నొక్కుడును మనమే కల్పించాలి. ఇక్కడ కాలిపరూ కన్నూ ఒకే మాట చెబుతాయి. కానీ ఆ కొలతను వెతకమని చెప్పింది కన్నే.

చివరగా, చూసే తీరు. రోడ్డు మీద నిలబడిన మనిషి కన్ను నేల నుంచి దాదాపు 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది. 1/24లో అది 6.7 సెంటీమీటర్లు. బల్ల మీద మోడల్ పెట్టి, దానికి 40 సెంటీమీటర్ల పైనుంచి చూస్తున్నామంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కారును చూస్తున్నట్టే. ఆ ఎత్తు నుంచి కారుకు ముఖం ఉండదు, కప్పు మాత్రమే ఉంటుంది. పైగా మన రెండు కళ్ల మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లు. మోడల్ లెక్కలో అది మీటరున్నర, అంటే మనం ఆ కారును రాక్షసుడి కళ్లతో చూస్తున్నాం, అందుకే అది వెంటనే బొమ్మ అని తెలిసిపోతుంది. బల్ల అంచుకు గడ్డం ఆనేంత కిందికి వంగి, ఒక కన్ను మూసి చూడండి. మంచి మోడల్ అయితే ఉన్నట్టుండి పెద్దదవుతుంది. ఫోటో తీసేవారు లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, కెమెరాను బంపర్ ఎత్తుకు దించి సాధించేది కూడా ఇదే. నేను రంగు పని చేసేటప్పుడు కూడా మోడల్‌ను ఈ ఎత్తు నుంచే పరీక్షించుకుంటాను, కప్పు కంటే తలుపుల కింది భాగం మీద ఎక్కువ సమయం పెడతాను. పోటీల్లో మాత్రం మోడళ్లను నడుము ఎత్తు బల్లల మీద పరిచి, న్యాయనిర్ణేతలు నిలబడి, టార్చి వేసి పైనుంచి చూసి మార్కులు వేస్తారు. కప్పు మెరుగు బాగా కుదిరినవారికి ఆ పద్ధతి అనుకూలం, కారు నిలబడే తీరు మీద, పక్క భాగాల మీద శ్రమపడినవారికి అన్యాయం. ఆ బల్లలను ఛాతీ ఎత్తుకు పెంచడం పెద్ద పనేమీ కాదు, మార్కుల పట్టికలో ఒక్క గడి కూడా మార్చనక్కర్లేదు.